కిదుగ్ అంటే కష్టసుఖాలు

న్యూయార్కులోని క్వీన్స్‌లో, ఎల్మ్‌హర్స్ట్ ప్రాంతంలో, ఒకప్పుడు చర్చిగా ఉన్న భవనం ఇప్పుడు షెర్పాల గొంపా. 1996లో ఏర్పడిన షెర్పాల సంఘం కొంతకాలానికి ఆ చర్చిని కొని, బౌద్ధ మందిరంగా, సమావేశ మందిరంగా మార్చుకున్నది. ఆ సంఘాన్ని వారు ‘షెర్పా కిదుగ్’ అని పిలుచుకుంటారు. టిబెటన్ మూలం గల ఆ మాటలో ‘కి’ అంటే సుఖం, ‘దుగ్’ అంటే కష్టం. మనం కష్టాన్ని ముందు చెప్పి కష్టసుఖాలంటాము. వారు సుఖాన్ని ముందు చెబుతారు, అంతే తేడా.

ఆ ప్రాంతంలో ఏడేళ్లు అద్దెకున్నాను. మా పక్క వాటాలోని టాక్సీ డ్రైవరును అందరిలాగే నేనూ ‘దాయి’ అనేవాణ్ణి, అన్నయ్య అన్న అర్థంలో. పరాయి దేశంలో సంస్కృతిని కాపాడుకోవడమంటే వేదిక కట్టి, పిల్లలకు పట్టుబట్టలు తొడిగి, ఏడాదికోసారి నాట్యం చేయించడమేనన్న అభిప్రాయం, మన తెలుగు సంఘాల సంబరాలు చూసి చూసి, నాలో స్థిరపడిపోయి ఉండేది. కొత్త సంవత్సరం వచ్చే లోసర్ పండుగకు షెర్పాలు కూడా ఆ పని చేస్తారు. చేతులు పట్టుకుని వరుసగా నిలబడి, నేలను పాదాలతో తాళం వేస్తూ ఆడే శ్యాబ్రు చూడముచ్చటగా ఉంటుంది. కానీ వారిని కలిపి ఉంచుతున్నది కిదుగ్ అన్న మాటలోని రెండో సగమని, అంటే కష్టమని, నాకు ఆలస్యంగా తెలిసింది.

తెలుగు పత్రికలు చదివేవారికి ‘షెర్పా’ అంటే ఎవరెస్టు మీద మూటలు మోసేవారు, లేదా జీ20 సమావేశాలకు దేశం తరఫున వెళ్లే అధికారి. ఒక జాతి పేరు ఉద్యోగం పేరుగా మారిపోవడం ఎంత విడ్డూరమో ఎవరూ ఆగి ఆలోచించినట్లు లేదు. ‘షర్’ అంటే తూర్పు, ‘పా’ అంటే ఆ దిక్కు వాళ్లు. సుమారు 500 ఏళ్ల కిందట తూర్పు టిబెట్‌లోని ఖామ్ నుండి కనుమలు దాటి నేపాల్‌లోని సోలు, ఖుంబు లోయలలో స్థిరపడినవారు గనుక వారి పేరే వలసను చెబుతుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం నేపాల్ మొత్తం మీద వారు సుమారు 1.13 లక్షలు, మన దగ్గర ఒక మోస్తరు పట్టణమంత. అంత చిన్న సమాజంలో 2014 ఏప్రిల్ 18న ఎవరెస్టు దారిలోని ఖుంబు ఐస్‌ఫాల్ అనే మంచుగడ్డల ప్రవాహం వద్ద మంచుచరియలు విరిగిపడి ఒక్క ఉదయం 16 మంది నేపాలీ పర్వతారోహణ కార్మికులు చనిపోతే, వారిలో అత్యధికులు షెర్పాలే. ఎవరెస్టును 21 సార్లు ఎక్కిన అపా షెర్పా పిల్లల చదువు కోసం 2006లో అమెరికాలోని సాల్ట్‌లేక్ సిటీకి వెళ్లిపోయారంటే, కారణం వెతుక్కోనక్కరలేదు.

పేర్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. షెర్పాలలో చాలామందికి పుట్టిన వారమే పేరు: ఆదివారం నిమా, సోమవారం దావా, మంగళవారం మింగ్మా, బుధవారం ల్హక్పా, గురువారం ఫుర్బా, శుక్రవారం పసాంగ్, శనివారం పెంబా. ఇంటిపేరు గడిలో మాత్రం దాదాపు పాస్‌పోర్టులన్నిటా ‘షెర్పా’ అనే ఉంటుంది. తెలుగువాళ్లందరికీ ‘తెలుగు’ అనే ఇంటిపేరు రాసేస్తే, శుక్రవారం తెలుగు, శనివారం తెలుగు అని పిలిపించుకుంటూ తిరిగితే ఎలా ఉంటుందో ఊహించండి. నిజానికి వారికి మన గోత్రం వంటి ‘రు’ ఉంటుంది. ఆ మాటకు అర్థం ఎముక. తండ్రి నుండి ఎముక వస్తుందని, ఒకే ఎముక గలవారు అన్నదమ్ముల వరస గనుక పెళ్లాడకూడదని నియమం. ఊళ్లో ఎవరి రు ఏదో అందరికీ తెలుసు కనుక కాగితం మీద రాయవలసిన అవసరం రాలేదు. కాగితం తప్ప మరేదీ చూడని ఊరికి వచ్చాక అది కనబడకుండా పోయింది.

భాష విషయంలో న్యూయార్కును తప్పుపట్టడం సులభమే గాని, అది పూర్తి నిజం కాదు. 1961లో ఎడ్మండ్ హిల్లరీ చొరవతో ఖుంజుంగ్‌లో బడి వచ్చాక పిల్లలకు చదువబ్బింది, కానీ ఆ చదువు నేపాలీలో. తరువాతి తరం కాఠ్మాండూ హాస్టళ్లలో పెరిగింది. మా దాయి కూడా భార్యతో నేపాలీలోనే మాట్లాడేవాడు. షెర్పా మాట అత్తగారితో మాత్రమే. పైగా ఆ భాషకు తనదంటూ ఒక లిపి లేదు. టిబెటన్ అక్షరాలలో రాయాలని కొందరు, దేవనాగరిలో రాయాలని కొందరు. దాయి కొడుకు వారాంతపు తరగతిలో టిబెటన్ హల్లులు 30 నేర్చుకున్నాడు, వాటితో ఒక్క వాక్యం మాత్రం పలకలేడు.

ఒక ఫిబ్రవరిలో ఆ అత్తగారు చనిపోయారు. తెల్లవారే సరికి మా మెట్లన్నీ జనంతో నిండిపోయాయి. ఎవరో ఫ్లాస్కులతో వెన్న టీ తెచ్చారు, ఎవరో వెన్న దీపాలు వెలిగించారు, ఒకాయన నోటుపుస్తకం తెరిచి ఎవరు ఎంత ఇచ్చారో రాయసాగాడు. మన పెళ్లిళ్లలోని చదివింపుల పుస్తకమే అది. దహనానికి తగిన రోజును లామా గుణించి చెప్పాలి. ఆ లెక్కకు, దహనశాల వారి గడియారానికి పొత్తు కుదరదు. రెండు రోజులు ఎందుకు ఆగాలో ఆఫీసువారికి ఓపికగా ఇంగ్లీషులో వివరించే పని సంఘం పెద్దలు చూసుకున్నారు. ఆ తరువాత 49 రోజులు, ప్రతి ఏడవ రోజూ పూజ. టాక్సీ నడిపేవారు షిఫ్టులు మార్చుకుని వచ్చేవారు. జునిపర్ ఆకుల ధూపానికి భవనంలో పొగ అలారం రెండుసార్లు మోగింది. మొదటిసారి ఫైరింజను కూడా వచ్చింది.

ఖుంబు లోయకు కాపుదేవుడు ఖుంబి యుల్‌ల్హా, అదే పేరుగల కొండ మీద ఉంటాడు. ఆ కొండను ఎవరూ ఎక్కరు. ఆయన అమెరికా రాడు, మన వెంకన్నకు ఇక్కడ గుళ్లున్నా పొలిమేరలోని పోలేరమ్మ రానట్లే. దాయితో ఈ మాట అన్నప్పుడు ఆయన, ‘దేవుడు రాకపోతే పోనీ, చనిపోయినప్పుడు మోసేవాళ్లు రావాలి’ అన్నాడు.

ఆ 49 రోజులూ వాళ్ల పన్నెండేళ్ల కొడుకుకు వచ్చినవారికి టీ పోసే పని అప్పగించారు. షెర్పాల ఇంట అతిథి వద్దనాలి, పోసేవారు ‘షే, షే’ అని బతిమాలాలి. రెండుసార్లు కాదన్నాకనే కప్పు ముందుకు వస్తుంది. మారు వడ్డనకు విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టే మనవాళ్లు నాకు గుర్తొచ్చారు. వారాంతపు తరగతిలో రాని మాటలు ఆ కుర్రవాడికి కెటిల్ పట్టుకున్నాక రావడం నేను కళ్లారా చూశాను. తరగతులు దండగని అనను, కానీ మాటకు అక్కడ అవసరం లేదు, ఇక్కడ ఉంది.

చివరి రోజు భోజనాల దగ్గర ఒక పెద్దాయన ఆ కుర్రవాణ్ణి, నీ ఎముక ఏదని అడిగాడు. వాడు ‘షెర్పా’ అన్నాడు. అందరూ నవ్వారు, పెద్దాయన నవ్వలేదు. వాడు వంటింట్లోకి పరుగెత్తి, తండ్రిని అడిగి, తిరిగి వచ్చి, ‘గార్జా’ అన్నాడు. ‘అయితే మనది ఒకటే, నువ్వు నాకు మనవడి వరస’ అని ఆయన బల్ల మీద కొంచెం పక్కకు జరిగి వాడికి చోటిచ్చాడు.