అయోగ్యముగా

నరసన్నపేట దగ్గర మా పల్లె చర్చిలో నెలనెలా మొదటి ఆదివారం బల్ల ఆరాధన, యేసు ఆఖరి విందు గుర్తుగా రొట్టె, ద్రాక్షరసం పంచుకునేది. ఈ ఏడు మే నుంచి జూలై దాకా మూడుసార్లు రొట్టె పళ్లెం నా దగ్గరికొస్తే ముట్టకుండా పక్కాయనకు అందించేశాను. కారణం ఊరందరికీ తెలుసు. పొలం గట్టు తగువులో తమ్ముణ్ని అనరాని మాటలన్నాను. అయోగ్యముగా ఆ రొట్టె తిన్నవాడు అపరాధి అని పౌలు రాసిన వాక్యం, 1 కొరింథీయులకు 11:27, పాస్టరు అయ్యగారు ప్రతిసారీ చదువుతారు. "యెవడు అయోగ్యముగా" అనగానే నా చెయ్యి ముడుచుకుపోయేది.

మూడో నెల ఇంటికొస్తుంటే అమ్మ అడిగింది: "ఏటిరా, మొన్నటిదాకా యోగ్యుడివై తిన్నావేటి?"

నాకు నోట మాట రాలేదు. అమ్మకు చదువు రాదు, వాక్యమంతా విని పట్టిందే.

ఆ రాత్రి అధ్యాయం మొత్తం చదివాను. మేమెప్పుడూ మధ్యలో అందుకుని మధ్యలోనే వదిలేస్తాం, చిక్కంతా అక్కడే. అయోగ్యుడు తినకూడదని పౌలు అనలేదు. అయోగ్యముగా తినవద్దన్నాడు. ఆ 'గా' మనిషిది కాదు, తినే తీరుది. ఆ తీరేమిటో 21వ వచనంలోనే ఉంది: కొరింథు సంఘంలో కలిగినవాళ్లు లేనివాళ్ల కోసం ఆగకుండా ముందే కడుపునిండా తినేసేవారు, "ఒకడు ఆకలిగొనును మరియొకడు మత్తుడవును." దానికి పౌలు చెప్పిన మందు 33లో: "ఒకనికొరకు ఒకడు కనిపెట్టుకొని యుండుడి." ఇక 28లో తన్ను తాను పరీక్షించుకొమ్మన్నాక, "ఆలాగుచేసి ఆ రొట్టెను తిని" అంటాడు. పరీక్షించుకుని లేచిపొమ్మనలేదు.

యేసు రొట్టె విరిచిన ఆ మొదటి బల్ల దగ్గర మాత్రం ఎవరున్నారు? తెల్లారేలోగా ఆయన్ని ఎరగనని బొంకబోయే శిష్యుడు పేతురు. లూకా చెప్పిన వరుసలో, రొట్టె విరిచాక కూడా ఆయన్ని అప్పగించే యూదా చెయ్యి ఆ బల్ల మీదే ఉంది.

అలాగని మత్తయి 5:24ను పక్కన పెట్టలేను. ముందు సహోదరునితో సమాధానపడమంది. కానీ నేను పళ్లెం దాటించింది దానికి లోబడి కాదు. తమ్ముడి గుమ్మం వైపు ఒక్క అడుగైనా వెయ్యలేదు. నేను బాధపడుతున్నానని నలుగురూ చూడాలన్న ఆశ కూడా, నిజం చెప్పాలంటే, అందులో ఉంది.

ఆగస్టు వచ్చింది, ఉభాల రోజులు, వరినాట్ల కాలం. శనివారం సాయంత్రం వాడింటికెళ్లాను. మరదలు మంచినీళ్లిచ్చింది. వాడు అరుగు మీదే ఉన్నాడు గానీ పలకలేదు. తప్పు నాదేనని చెప్పి వచ్చేశాను.

మర్నాడు పళ్లెం వచ్చింది. తీసుకున్నాను. మా మందిరంలో అందరికీ అందేదాకా రొట్టె చేతిలోనే పట్టుకుంటాం. పళ్లెం తిరిగి బల్ల చేరాక తమ్ముడొచ్చాడు, పిక్కల దాకా ఎండిన మడిబురదతో. ఆదివారం పనేమిటని గొణిగేవాళ్లున్నారు. నీళ్ల వంతు వారం చూసుకుని రాదు కదా. అయ్యగారు పళ్లెం మళ్లీ గుమ్మం దాకా పంపించారు. అందరం ఆగాం. నా అరచేతిలో ముక్క చెమటకు మెత్తబడిపోయింది.

గట్టు సంగతి ఇంకా తేలలేదు.