ఫ్రీ టికెట్ తీసుకోమ్మా అని బతిమాలే ఉద్యోగం

మొన్న హైదరాబాద్ ఎర్రగడ్డలో 218 నంబర్ సిటీ బస్సు ఎక్కా, కోఠి వైపు. ముందు సీట్లో ఒక పెద్దావిడ, ఒళ్లో సంచి, అందులోంచి ములక్కాడలు బయటికి పొడుచుకొచ్చి ఎక్కే ప్రతివాడి మోకాలికీ తగులుతున్నాయి, రైతుబజార్ నుంచే వస్తున్నట్టుంది. కండక్టర్ మేడమ్ వచ్చి ఆధార్ చూపియ్యమ్మా టికెట్ కొడతా అంటే ఈవిడ "ఫిరీ అన్నరు గదా బిడ్డా, మల్ల టికెట్ ఎందుకు, కాయితం దండగ" అంది. మేడమ్ ఒకసారి చెప్పింది, రెండుసార్లు చెప్పింది, మూడోసారి చేతులు జోడించినంత పని చేసి "అమ్మా, నీకు ఫిరీనే, నువ్వు టికెట్ తీస్కోకపోతే నాకు మాత్రం ఫిరీ గాదు తల్లీ" అంది. బస్సులో అందరం నవ్వాం. పెద్దావిడ కూడా నవ్వి బొడ్లోంచి చిన్న సంచీ తీసి ఆధార్ చూపించింది.

నవ్వాను కానీ ఆ మాట మాత్రం ఎస్సార్ నగర్ దాకా బుర్రలో తిరుగుతూనే ఉంది, ఎందుకంటే నా పాత పాపం ఒకటి ఈ రూట్లోనే ఉంది.

డిగ్రీ రోజులు, అప్పటికి ఇంకా రాష్ట్రం ఒకటే. కూకట్‌పల్లి నుంచి కోఠి కాలేజీకి రోజూ ఇదే నంబర్ బస్సు. స్టూడెంట్ పాస్ ఉండేది, ఐడీ కార్డు ఒకటి, దానికి నెలనెలా కౌంటర్లో లైన్లో నిలబడి తీసుకునే చీటీ ఒకటి. ఆ నెల ఇంట్లో ఇచ్చిన పాస్ డబ్బులు ఎటు పోయాయో చెప్పను, ఇరానీ హోటల్ వైపు అనుకోండి. పాత నెల చీటీనే పెట్టుకుని, నెల పేరు ఉన్న చోట బొటనవేలు అడ్డం పెట్టి దూరం నుంచి "పాస్" అని గట్టిగా అరిచేవాణ్ణి. ఫుట్‌బోర్డు దాకా జనం వేలాడుతున్న బస్సులో వెనక నుంచి ముందుకి నలిగిపోతూ వచ్చే కండక్టర్ నా బొటనవేలు తీయించి చూస్తాడా? చూడలేదు. పన్నెండు రోజులు చూడలేదు. నేనేదో గొప్ప తెలివిగలవాణ్ణని ఫ్రెండ్స్ దగ్గర కోతలు కూడా కోశా.

పదమూడో రోజు భరత్‌నగర్ దాటాక చెకింగ్ వాళ్లెక్కారు, రెండు డోర్ల నుంచీ ఒకేసారి. బొటనవేలు తీయమన్నారు. బస్సులో "టికెట్ లేని ప్రయాణం నేరం, 500 వరకు జరిమానా" అని రాసున్న బోర్డు కిందే నిలబడి ఉన్నా నేను, అది వేరే కామెడీ. నా జేబులో ఉన్నదీ పక్కన ఫ్రెండ్ గాడి జేబులో ఉన్నదీ మొత్తం ఊడ్చి కట్టా. సిగ్గేసింది కానీ ఆ సిగ్గు సాయంత్రానికి పోయేదే. పోనిది ఏంటంటే, వాళ్లు నన్ను వదిలేశాక కండక్టర్ వైపు తిరిగి ఆయన దగ్గర పేపర్లు తీసుకుని ఏదో రాయడం మొదలెట్టారు. నలభై దాటిన మనిషి, "సార్, స్టూడెంట్ పిల్లగాడు సార్, రోజూ వస్తడు, పాస్ ఉంటది అనుకున్న" అంటున్నాడు. నేను చేసిన దొంగతనానికి ఆయన సంజాయిషీ ఇస్తున్నాడు. నావైపు ఒక్కసారి చూశాడు, తిట్టలేదు, తిడితే బాగుండేది. ఆ తర్వాత ఆ కండక్టర్ ఉన్న బస్సొస్తే నేను ఎక్కకుండా వెనకొచ్చే బస్సు కోసం ఆగేవాణ్ణి.

చాలామందికి తెలీదు, టికెట్ ఎగ్గొట్టడం అంటే ప్రభుత్వానికి పది రూపాయలు ఎగ్గొట్టడం అనుకుంటాం, మధ్యలో ఒక మనిషి మెడ ఉంటుంది. కండక్టర్ స్టేజీ స్టేజీకీ, అంటే ఛార్జీ మారే ప్రతి చోటా, లెక్క క్లోజ్ చేసుకుంటూ పోవాలి, ఆ స్టేజీ దాటేలోపు ఎక్కినోళ్లందరికీ టికెట్ కొట్టేసి ఉండాలి, స్క్వాడ్, అంటే ఆ చెకింగ్ వాళ్లు, ఎక్కితే తలలు లెక్కపెట్టి లెక్కతో పోలుస్తారు. అమీర్‌పేట్‌లో ఒకేసారి నలభై మంది ఎక్కితే పంజాగుట్ట వచ్చేలోపు నలభై టికెట్లు ఎలా కొడతారు, అందుకే ఒక్కోసారి బస్సు పక్కకి ఆపి బుకింగ్ అయ్యాకే కదిలిస్తారు, మనమేమో లోపల నుంచి "పోనీయండి సార్ ఆఫీసుకి టైమవుతుంది" అని గోల. పెద్ద స్టాపుల్లో కిందే నిలబడి గ్రౌండ్ బుకింగ్ చేసేది కూడా అందుకే. 2019లో 52 రోజుల ఆర్టీసీ సమ్మె అయ్యాక అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ కార్మికులతో మీటింగ్ పెట్టి, టికెట్ తీసుకోకపోతే జరిమానా ప్రయాణికుడికే, కండక్టర్‌ని శిక్షించొద్దు అన్నారు. అంత మాట ముఖ్యమంత్రి స్థాయిలో చెప్పాల్సి వచ్చిందంటే అంతకుముందు ఎలా ఉండేదో అర్థం చేసుకోండి.

ఇక 2023 డిసెంబర్ 9న తెలంగాణలో మహాలక్ష్మి పథకం వచ్చింది, సిటీలో అయితే ఆడవాళ్లకి ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లలో ఫ్రీ. ఆంధ్రాలో ఇలాంటిదే, స్త్రీశక్తి, 2025 ఆగస్టు 15న మొదలైంది. సగం బస్సుకి టికెట్ ఎగ్గొట్టే గొడవే పోయింది కదా అనుకుంటాం, పోలేదు, రూపం మారింది. ఆడవాళ్లకి సున్నా రూపాయలతో కొట్టే జీరో టికెట్ లెక్కల్ని బట్టే ప్రభుత్వం ఆర్టీసీకి డబ్బులు కట్టేది, కాబట్టి కొట్టని జీరో టికెట్ అంటే ఆర్టీసీకి రాని డబ్బు. 2025 జులైలో 200 కోట్ల జీరో టికెట్లు అయ్యాయని సంబరాలు చేశారు, ఆ ఒక్కో టికెట్ వెనక "ఆధార్ చూపియ్యమ్మా" అనే గొంతు ఒకటుంది. అందులో ఫొటో కనపడని ఆధార్లు, ఫోన్‌లో జిరాక్స్ చూపించేవాళ్లు, పక్క రాష్ట్రం అడ్రస్ ఉంటే నాకెందుకు ఇవ్వరు అని గొడవపడేవాళ్లు, సీటు దొరకలేదని ఆ కోపం కూడా కండక్టర్ మీదే చూపించే మగాళ్లు. 2024 మొదట్లో హయత్‌నగర్ డిపో కండక్టర్‌ని ఒకావిడ కాలితో తన్నిన వీడియో మీరూ చూసే ఉంటారు, మొదలైంది చిల్లర దగ్గర.

ఎంఎంటీఎస్ లోకల్ రైళ్లలో అయితే మధ్యలో ఇలా నలిగే మనిషి లేడు. గేట్లు లేవు, ఎప్పుడో ఒకసారి టీసీ కనిపిస్తాడు, దొరికితే కనీసం 250 జరిమానా, టికెట్ డబ్బులు అదనం. ఐదు రూపాయల టికెట్‌కి మా ఫ్రెండ్ ఒకడు లెక్కేశాడు, అరవై సార్లలో ఒక్కసారికి మించి దొరక్కపోతే మనకే లాభం రా అని. లెక్క కరెక్టే, వాడు ఇప్పుడు బ్యాంకులో పనిచేస్తున్నాడు. మెట్రోలో అయితే గేటే కండక్టర్, దానికి జాలీ లేదు భయమూ లేదు.

కానీ గేటు చేయలేనిది ఒకటి కండక్టర్ చేయడం నేను చూశా. ఇదే రూట్, నేను ఉద్యోగంలో చేరిన కొత్త. ఇంటర్ చదివే అమ్మాయి అనుకుంటా, ఆడవాళ్ల సీట్లు అయిపోయే చోట నిలబడి ఉంది, వెనక ఒకడు, బ్రేక్ వేసినప్పుడల్లా మీద పడుతున్నాడు, వేయనప్పుడు కూడా పడుతున్నాడు. నాకు కనిపిస్తోంది. నాకే కాదు, పదిమందికి. ఎవరం నోరు తెరవలేదు. అటు నుంచి టికెట్లు కొట్టుకుంటూ వచ్చిన కండక్టరక్క టిమ్ముతో, అదే టికెట్లు కొట్టే మిషన్‌తో, రాడ్ మీద ఠంగుమని కొట్టి డ్రైవర్‌కి అరిచింది, "అన్నా, డోర్లు మూసి సీదా పంజాగుట్ట పోలీస్ స్టేషన్ కాడ ఆపు, మధ్యలో స్టాప్ లేదు." వాడు దండాలు పెట్టాడు, దిగిపోతా అన్నాడు, అక్క వినలేదు. నిజంగానే స్టేషన్ ముందు ఆగింది బస్సు. అక్క ఆ అమ్మాయిని "నువ్వొస్తవా, నేను చెప్పనా" అని అడిగింది, అమ్మాయి తల అడ్డంగా ఊపింది, అక్కే వాణ్ణి కాలర్ పట్టుకుని దింపింది. ఇరవై నిమిషాలు ఆగింది బస్సు, లేటయిందని సణిగినవాళ్లలో నేనూ ఉన్నా, దాచడం దేనికి.

ఆడవాళ్లని ఏడిపించేవాళ్లని పట్టుకోవడానికి 2014 అక్టోబర్ నుంచి పోలీసుల షీ టీమ్స్ ఉన్నాయి, మఫ్టీలో బస్టాపుల్లో నిలబడతారు, వీడియో తీసి మరీ పట్టుకుంటారు, మంచిదే. అయినా మా చెల్లి ఇప్పటికీ బ్యాగుకి ఒక పిన్నీసు గుచ్చి పెట్టుకునే బస్సెక్కుతుంది. నేను ఒకసారి దాంతో అన్నా, నా పాస్ చీటీలో నెల పేరు చూడ్డానికి ఇద్దరు ఆఫీసర్లు రెండు డోర్ల నుంచి ఎక్కారే అని. అది "నీ బొటనవేలు పట్టుకోవడానికి ఎక్కారు, వాడి చెయ్యి పట్టుకోవడానికి ఎవడూ ఎక్కలేదు ఇంతవరకు" అంది. నా దగ్గర జవాబు లేదు. టికెట్‌కి లెక్కుంది, మిషనుంది, స్క్వాడుంది. రెండోదానికి, బస్సు కదిలాక, ఆ కండక్టర్ నోరు ఒక్కటే ఉంది. చేతిలో లాఠీ లేదు, ఉన్నదల్లా టిమ్ము.

సరే మొన్నటి సంగతికొస్తే. మైత్రీవనం దగ్గర స్క్వాడ్ ఎక్కింది. పెద్దావిడ అందరికంటే ముందు జీరో టికెట్ పైకెత్తి "ఇగో సారూ నాది" అని చూపించింది, వాళ్లు ఇంకా డోర్ దగ్గరే ఉన్నారు. నేను ప్యాంటు జేబులో చూశా, లేదు. వెనక జేబు, లేదు. టికెట్ తీసుకున్నా, ఫోన్‌తో డబ్బులు కూడా కట్టా, కానీ కాగితం లేదు. తల ఎత్తితే కండక్టర్ మేడమ్ నన్నే చూస్తోంది, అదే చూపు, ఆ రోజు ఆయన చూసిన చూపు. చేతులు వణికాయి నిజంగా. ఫోన్ కవర్ వెనకాల దొరికింది, రెండు మడతలు పెట్టి నేనే దూర్చా. స్క్వాడ్ ఆయన చూసి వెళ్లిపోయాడు. మేడమ్ నా పక్క నుంచి వెళ్తూ మెల్లగా అంది, "కవర్ల గాదు సార్, దిగేదాంక చేతిల పట్టుకోండి. ఆమె జూడుండ్రి ఎట్ల పట్టుకున్నదో."

పెద్దావిడ ఇంకా పైకెత్తే ఉంచింది.