టార్చి వెలుగులో కృత్రిమ ఊపిరితిత్తి

టార్చి వెలుగు పడగానే ఎక్మో ఆక్సిజనేటర్ (రోగి రక్తాన్ని శరీరం బయటికి తెచ్చి ఆక్సిజన్ ఎక్కించే కృత్రిమ ఊపిరితిత్తి) మూలల్లో నల్లటి గడ్డలు కనిపించాయి. లోపలికి వెళ్లే గొట్టంలోనూ, బయటికి వచ్చే గొట్టంలోనూ రక్తం దాదాపు ఒకే ముదురు రంగులో ఉండడంతో ఈ తెల్లవారుజామున దాన్ని మార్చాము.

కొత్తది అమర్చిన కొద్దిసేపటికే తిరిగి వచ్చే గొట్టం ఎర్రబడింది. ఆ ఎరుపు చూసినప్పుడు కలిగిన ఊరట ఇంకా తగ్గలేదు.

ఏ ఆక్సిజనేటర్ మేలో పోల్చేటప్పుడు మనం సాధారణంగా తయారీదారు ప్రకటించిన ప్రవాహపు అంకెనే చూస్తాము. కానీ అది డెసిలీటరుకు 12 గ్రాముల హిమోగ్లోబిన్, 75 శాతం ఆక్సిజన్ సంతృప్తత ఉన్న రక్తాన్ని 95 శాతానికి చేర్చగల గరిష్ఠ ప్రవాహమే తప్ప, 8 గ్రాముల హిమోగ్లోబిన్‌తో మంచం మీదున్న మనిషికి సరిపోయే కొలత కాదు.

ఆక్సిజనేటర్‌లో రక్తాన్నీ వాయువునూ వేరుచేసే పాత పాలీప్రొపిలీన్ పొరల్లోంచి ప్లాస్మా (రక్తంలోని ద్రవభాగం) కారి పనితనం త్వరగా పడిపోయేది. నేటి పాలీమిథైల్‌పెంటీన్ పీచులు రోజులు, ఒక్కోసారి వారాలు నిలుస్తున్నాయి. అందుకే, నా దృష్టిలో, మొదటి గంట పనితనం కంటే ఐదో రోజు పనితనమే అసలు పోలిక.

రక్తప్రవాహం మారకుండానే పొరకు ముందూ వెనకా ఉన్న ఒత్తిడి తేడా పెరుగుతుంటే లోపల గడ్డ కడుతోందని అనుమానించాలి. ఆ తేడాను ఇకపై గంటగంటకూ చార్టులో రాయమని మా బృందాన్ని కోరాను.