రాబర్ట్ ఫాగిన్ గారి ఇల్లు ఇదేనండీ?

బరో స్టేషన్‌లో దిగి పైకి వచ్చేసరికి సన్నగా జల్లు పడుతోంది. మా అమ్మాయి గొడుగు తెరిచి నా తల మీదకి పట్టింది. లండన్‌లో ఎమ్మెస్ చేస్తోంది. దాన్ని చూడడానికి కాలేజీకి సెలవు పెట్టి వచ్చాను. "ఈ ఒక్కరోజు నీ ఇష్టం నాన్నా, ఎక్కడికంటే అక్కడికి తీసుకెళ్తాను" అంది. నేను జైలు గోడ చూడాలన్నాను.

ముప్పై ఏళ్లుగా జూనియర్ కాలేజీ పిల్లలకి ఇంగ్లీషు చెబుతున్నాను. ఇంగ్లీషు నవలాకారుడు చార్లెస్ డికెన్స్ నాకు నాన్‌డిటైల్డ్ పుస్తకంగా పరిచయమయ్యాడు. మార్కుల కోసం చదివిన వాటిలో మార్కులు మరిచిపోయాక కూడా నాతో ఉండిపోయింది ఆయనొక్కడే. ఎందుకో ఆరోజు సాయంత్రం దాకా అమ్మాయికి చెప్పలేదు.

స్టేషన్‌కి ఎదురుగానే సెయింట్ జార్జ్ ది మార్టర్ చర్చి. డికెన్స్ 'లిటిల్ డోరిట్' నవలలో అప్పుల జైల్లో పుట్టిన అమ్మాయికి బాప్టిజం ఇక్కడే, పెళ్లీ ఇక్కడే. ఒక రాత్రి జైలు గేటు మూసేశాక చేరుకుని, ఈ చర్చిలోనే రిజిస్టరు పుస్తకం తలకింద పెట్టుకుని పడుకుంటుంది. చర్చి తూర్పు కిటికీ రంగుటద్దాల్లో, అడుగున, మోకాళ్ల మీద కూర్చున్న చిన్న బొమ్మగా ఆమెను పెట్టారు. ఒక కల్పిత పాత్రకి, అదీ జైలు పిల్లకి, సెయింటు పాదాల దగ్గర చోటిచ్చిన ఊరు ఇది.

చర్చి పక్కన ఏంజెల్ ప్లేస్ అనే సన్నని సందు ఉంది. దాని వెంబడే పాత ఇటుక గోడ. మార్షల్సీ అనే అప్పుల జైలులో మిగిలింది ఇదే. 1842లో జైలు మూసేశారు. నేను ఇటుక మీద అరచెయ్యి ఆనించాను. తడిగా, చల్లగా ఉంది.

1824 ఫిబ్రవరిలో జాన్ డికెన్స్ అనే చిరుద్యోగిని ఒక బ్రెడ్డు వ్యాపారికి బాకీ పడ్డందుకు ఈ గోడ లోపల పెట్టారు. బాకీ 40 పౌండ్ల 10 షిల్లింగులు. అప్పటికి కొన్నిరోజుల ముందే ఆయన కొడుకు చార్లెస్‌కి 12 ఏళ్లు నిండాయి, బూట్ పాలిష్ ఫ్యాక్టరీలో పనిలో చేరాడు. డబ్బా మీద మైనపు కాగితం కప్పి, దాని మీద నీలం కాగితం వేసి, దారం చుట్టి, అంచులు కత్తిరించి, లేబుల్ అంటించాలి. పొద్దున్నుంచి రాత్రిదాకా అదే పని. జీతం వారానికి ఆరో ఏడో షిల్లింగులు.

గోడ దగ్గర నిలబడి లెక్క వేశాను. పౌండుకి 20 షిల్లింగులు. తండ్రి బాకీ 810 షిల్లింగులు. వారానికి 6 చొప్పున ఆ పిల్లవాడు తిండి కూడా తినకుండా కడితే 135 వారాలు, అంటే రెండున్నరేళ్లకు పైమాటే. జైల్లో ఉన్నవాడికి సంపాదన ఎలాగూ లేదు. అప్పు తీరేదాకా బయటికి వదలరు, బయటికి వదలందే అప్పు తీరదు. ఈ పద్ధతి చాలావరకు పోవడానికి 1869లో చట్టం రావలసి వచ్చింది. జాన్ డికెన్స్ మాత్రం దివాలా చట్టం కింద మూడు నెలలకే బయటపడ్డాడు.

ఆయన లోపల ఉన్న ఆ రోజుల్లోనే తల్లీ చిన్నపిల్లలూ కూడా జైల్లోకే మకాం మార్చారు. చార్లెస్‌కి పక్కనే లాంట్ స్ట్రీట్‌లో ఒక గది చూశారు. పొద్దున టిఫిను జైల్లో అమ్మానాన్నలతో, తర్వాత వంతెన దాటి పనికి, రాత్రి భోజనానికి మళ్లీ జైలుకి. ఆ లాంట్ స్ట్రీట్‌కి నడిచాం. ఇప్పుడక్కడ ఆయన పేరుతోనే ప్రైమరీ స్కూలు ఉంది. చుట్టుపక్కల వీధులకి కాపర్‌ఫీల్డ్, పిక్విక్, డోరిట్ అని ఆయన పాత్రల పేర్లే. నేను బోర్డులన్నీ చదువుకుంటూ వెళ్లాను. నేను వెతుకుతున్న పేరు ఒక్క బోర్డు మీదా కనబడలేదు.

ఆ పేరు బాబ్ ఫాగిన్. కాగితం ఎలా చుట్టాలో, ముడి ఎలా వెయ్యాలో చార్లెస్‌కి మొదటిరోజు నేర్పినవాడు. తల్లీ తండ్రీ లేరు, పడవ నడిపే బావగారింట్లో ఉండేవాడు. ఒకరోజు చార్లెస్‌కి డొక్కలో విపరీతమైన నొప్పి వచ్చింది. బాబ్ గడ్డి మీద పడుకోబెట్టి, ఖాళీ పాలిష్ సీసాల్లో వేడినీళ్లు పోసి, మధ్యాహ్నమంతా కాపడం పెట్టాడు. సాయంత్రానికి తగ్గింది కానీ ఒంటరిగా పంపడానికి బాబ్‌కి మనసొప్పలేదు, ఇంటిదాకా దిగబెడతానన్నాడు. చార్లెస్‌కి జైలు సంగతి చెప్పడం ఇష్టంలేదు. వద్దంటే వినడు. చివరికి సదర్క్ వంతెన దగ్గర ఎవరిదో ఇంటి మెట్ల మీద నిలబడి, ఇదే మా ఇల్లని చేయి కలిపి పంపేశాడు. బాబ్ వెనక్కి తిరిగి చూస్తే అనుమానం రాకూడదని తలుపు కూడా తట్టాడు. తలుపు తీసినావిడని, రాబర్ట్ ఫాగిన్ గారి ఇల్లు ఇదేనా అని అడిగాడు.

పదమూడేళ్ల తర్వాత 'ఆలివర్ ట్విస్ట్' రాస్తూ, పిల్లలకు దొంగతనం నేర్పే దుర్మార్గుడికి ఆ పేరే పెట్టాడు. ఇది ఎన్నిసార్లు గుర్తొచ్చినా నాకు మనసు కలుక్కుమంటుంది. ఒకసారి క్లాసులో ఒక కుర్రాడు లేచి, "సార్, ఆలివర్ వర్క్‌హౌస్‌లోనే పుట్టి పెరిగాడు కదా, వాడికి ఈ దొరల ఇంగ్లీషు ఎవరు నేర్పారు?" అని అడిగాడు. నిజమే. వర్క్‌హౌస్ అంటే గతిలేనివాళ్లను పెట్టి పని చేయించే చోటు. ఆలివర్ మంచి కుటుంబం బిడ్డని చివర్లో తేలుతుంది, భాష మొదటినుంచీ దానికి తగ్గట్టే ఉంటుంది. వీధి యాస మాట్లాడే దొంగపిల్లాడు డాడ్జర్‌కి మాత్రం ద్వీపాంతర శిక్ష. 1834 పేదల చట్టాన్ని, ఆకలితో ఉన్నవాడికి సాయం కావాలంటే కుటుంబాన్ని విడదీసి వర్క్‌హౌస్‌లోకి రమ్మన్న ఆ క్రూరత్వాన్ని, డికెన్స్ ఎండగట్టినట్టు ఎవరూ ఎండగట్టలేదు. అందుకు ఆయనకి చేతులెత్తి మొక్కుతాను. కానీ తన ఫ్యాక్టరీ రోజుల గురించి ఆయన రాసుకున్న కాగితాల్లో కనిపించే బాధంతా, తెలివైన తనను తీసుకెళ్లి మామూలు పిల్లల మధ్య పడేశారే అని. మరి బాబ్ అక్కడ ఎందుకుండాలి? ఆ ప్రశ్న ఆ కాగితాల్లో లేదు.

రెడ్‌క్రాస్ వేలో క్రాస్ బోన్స్ శ్మశానం ఇనుప గేటు నిండా రిబ్బన్లు, పూలు, కాగితాలు. చర్చి శ్మశానాల్లో చోటు దొరకని వేశ్యలనూ, గతిలేనివాళ్లనూ 1853 దాకా ఇక్కడ పూడ్చారు. భూగర్భ రైలు లైను పనుల కోసం 1990లలో ఒక మూల తవ్వితే 148 అస్థిపంజరాలు బయటపడ్డాయి, చాలావరకు చిన్నపిల్లలవి. అమ్మాయి తన జుట్టుకున్న రిబ్బను తీసి గేటుకి కట్టింది. ఎవరి కోసమని నేను అడగలేదు.

సదర్క్ వంతెన చేరేటప్పటికి చీకటి పడింది. అప్పటి వంతెన ఇది కాదు, ఇది 1921లో తెరిచింది. ఆ ఇల్లు ఏదో ఎవరికి తెలుస్తుంది. రెయిలింగు పట్టుకుని నిలబడి అమ్మాయికి ఇంకొక సంగతి చెప్పాను. 1869 క్రిస్మస్‌కి ఇంట్లో అందరూ గుర్తుంచుకునే ఆట ఆడుతున్నారు. ఒక్కొక్కరూ ఒక్కో మాట చేర్చాలి. డికెన్స్ వంతు వచ్చినప్పుడు "వారెన్స్ బ్లాకింగ్, 30 స్ట్రాండ్" అన్నాడు. పాలిష్ కంపెనీ పేరు. తండ్రి ఆ మాట ఎందుకన్నాడో కొడుక్కి అర్థం కాలేదు. మరుసటి జూన్‌లో ఆయన పోయాడు. ఆ తర్వాత స్నేహితుడు ఫార్‌స్టర్ రాసిన జీవిత చరిత్రతోనే ఆ సంగతి లోకానికి తెలిసింది.

"నేను కూడా నీకొకటి చెప్పలేదమ్మా" అన్నాను.

తెల్లదోమతో పత్తి పోయిన ఏడు, పురుగుమందుల కొట్టు బాకీ తీర్చలేక మా నాన్న ఊరొదిలి గుంటూరు వచ్చాడు. మా అమ్మ కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీసేది. రాత్రి నా తల నిమిరితే కళ్లు మండేవి. నేను ఇంటర్. క్లాసులో ఒక స్నేహితుడు రోజూ సైకిల్ మీద ఎక్కించుకుని వచ్చేవాడు. మేముండే రేకుల గది చూస్తాడని, బ్రాడీపేటలో ఒక మేడ ముందు దిగిపోయేవాణ్ని. వాడు సందు మలుపు తిరిగేదాకా గేటు గడియ తీస్తున్నట్టు నిలబడేవాణ్ని. రెండేళ్లూ అంతే.

అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. కింద నదిలో ఒక పడవ దీపాలతో వెళ్లింది.

"మరి నాయనమ్మకి తెలుసా?"

"తెలియదు. కాలేజీకి ఎప్పుడైనా వస్తానంటే కూడా వద్దనేవాణ్ని."

"ఆ సైకిల్ ఫ్రెండ్ ఇప్పుడెక్కడున్నాడు నాన్నా?"

"ఎప్పుడూ కనుక్కోలేదమ్మా" అన్నాను.

గొడుగు మడిచేసింది. వాన ఎప్పుడు ఆగిందో ఇద్దరమూ చూసుకోలేదు.