థిన్నింగ్ ప్రశ్న నాకు ఎలా అర్థమైందంటే

ఫారెస్ట్రీ పేపర్‌కు చదువుతున్న మిత్రులకు ఈ ఒక్క టాపిక్ గురించి చెప్పాలనిపించింది. ఉష్ణమండల పైన్ తోటల పెరుగుదల, థిన్నింగ్ (తోటలో కొన్ని చెట్లు తీసేసి మిగతావాటికి ఎడం ఇవ్వడం). మొదటి అటెంప్ట్‌లో ఈ ప్రశ్న వచ్చినప్పుడు లో థిన్నింగ్, క్రౌన్ థిన్నింగ్, మెకానికల్ థిన్నింగ్ అని నిర్వచనాలు రాసి అర పేజీకే ఆగిపోయాను. అసలు చెట్లు ఎందుకు తీసేయాలో ఒక్క ముక్క కూడా రాయలేదు.

రెండోసారి పుస్తకం మూసి, రఫ్ పేపర్ మీద లెక్క వేశాను. 3×3 మీటర్ల ఎడంతో నాటితే హెక్టారుకు 1,111 చెట్లు. ఒక్కోటి 20 సెం.మీ. వ్యాసం ఉంటే బేసల్ ఏరియా (ఛాతీ ఎత్తులో మానుల అడ్డుకోత వైశాల్యం) మొత్తం సుమారు 35 చదరపు మీటర్లు. అదే 30 సెం.మీ. చెట్లయితే? 494 చాలు, మళ్లీ అదే 35! ఆ రెండు అంకెలనూ చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. సన్న చెట్లు కాగితం గుజ్జుకో గుంజలకో పోతాయి, లావు మానులు పలకలకు పనికొస్తాయి. పెరుగుదలను ఎన్ని చెట్లకు పంచాలన్నదే థిన్నింగ్.

అక్కడి నుంచి మిగతావన్నీ వాటంతట అవే అతుక్కున్నాయి. చెట్ల సాంద్రత ఎత్తును పెద్దగా మార్చదు, అందుకే సైట్ ఇండెక్స్‌కు (నేల ఎంత సారవంతమో చెప్పే కొలత) టాప్ హైట్, అంటే తోటలోని పెద్ద చెట్ల సగటు ఎత్తు, తీసుకుంటారు. వ్యాసం మాత్రం వెంటనే దెబ్బతింటుంది. కొమ్మలు కలిసిపోయాక కింది కొమ్మలు ఎండి పచ్చని కిరీటం కుంచించుకుపోతుంది. అప్పుడు ఆలస్యంగా పలచన చేసినా చెట్టు తొందరగా కోలుకోదు, పైగా గాలికి పడిపోయే ప్రమాదం. మరీ ముందే ఎడం ఇస్తే కొమ్మలు లావెక్కి కలపలో ముడులు పడతాయి. ప్రూనింగ్ (కింది కొమ్మలు నరకడం) గురించి రాయాల్సింది ఇక్కడే.

ఉదాహరణగా కరీబియన్ పైన్ ఒక్కటి బాగా చదవండి. కరీబియా, బహామెన్సిస్, హోండ్యూరెన్సిస్ అని మూడు రకాలు. పక్క కొమ్మల్లేకుండా నిటారుగా సాగిపోయే ఫాక్స్‌టెయిల్ చెట్ల గురించి ఒక వాక్యం రాస్తే జవాబుకు బలం వస్తుంది. 1935లో దక్షిణాఫ్రికాలో ఓకానర్ మొదలుపెట్టిన సీసీటీ (కోరిలేటెడ్ కర్వ్ ట్రెండ్: వేర్వేరు సాంద్రతల్లో పెరుగుదలను పోల్చే) ప్రయోగాలు, చెట్ల సంఖ్య, సగటు వ్యాసాల నుంచి తోట ఎంత కిక్కిరిసిందో కొలిచే 1933 నాటి రైనెకీ సాంద్రతా సూచిక కూడా తప్పకుండా చూడండి.

వయసుతో పాటు సగటు వ్యాసం ఎలా మారుతుందో గ్రాఫ్ గీసేటప్పుడు ఒక జాగ్రత్త. లో థిన్నింగ్‌లో చిన్న చెట్లు పోతాయి కాబట్టి సగటు వ్యాసం ఆ రోజే పైకి ఎగురుతుంది. అది లెక్కలో వచ్చిన మార్పే, పెరుగుదల కాదు. ఆ నిలువు గీతను విడిగా గీసి, నిలిచిన చెట్ల అసలు పెరుగుదలను దాని తర్వాత వాలుగా చూపించండి.