లాక్‌హార్ట్ పొయ్యి దగ్గర మామయ్య గారు

మామయ్య గారు టెక్సస్‌లో మా దగ్గరికి వచ్చిన మూడో వారానికి ఆయనకి చూపించాల్సినవన్నీ అయిపోయాయి. ఆస్టిన్‌లో క్యాపిటల్ భవనం అయింది, గుడి అయింది, కాస్ట్‌కో రెండుసార్లు అయింది. తెనాలి దగ్గర పల్లెలో తెల్లారకుండానే లేచి పొలం గట్ల మీద తిరిగే మనిషి, మా రౌండ్ రాక్ ఇంట్లో కిటికీ పక్కన కుర్చీ వేసుకుని, వీధిలో ఎవరైనా నడుస్తారేమోనని చూస్తూ కూర్చునేవారు. సరిగ్గా అప్పుడే మా చిన్నోడు నాలుగో తరగతి టెక్సస్ చరిత్ర ప్రాజెక్టు పట్టుకొచ్చాడు. ఏదో ఒక ఊరు ఎంచుకుని, చూసొచ్చి, పోస్టర్ చెయ్యాలట. వాడు ఎంచుకున్నది లాక్‌హార్ట్.

నా గుండె గుభేలుమంది. లాక్‌హార్ట్ అంటేనే బార్బెక్యూ, అంటే కట్టెల పొగ మీద వండిన మాంసం. టెక్సస్ చట్టసభ 1999లో ఆ ఊరికి రాష్ట్ర బార్బెక్యూ రాజధాని అని బిరుదు కూడా ఇచ్చింది. టెక్సస్‌లో బార్బెక్యూ అంటే ముందు బీఫ్, ఆ తర్వాతే మిగతావన్నీ. మామయ్య గారేమో కోడి, వేట, చేప తప్ప ఇంకోటి ముట్టరు.

ఈ బీఫ్ సంగతి మా ఇంట్లో పాత గొడవే. చిన్నోడికి ఐదేళ్ళప్పుడు పక్కింటి వాళ్ళ పెరట్లో పుట్టినరోజు పార్టీకి వెళ్ళి బ్రిస్కెట్ అనే బీఫ్ వంటకం తిని వచ్చాడు. వచ్చి ఊరుకోలేదు. వీడియో కాల్‌లో ఉన్న మా అమ్మతో "అమ్మమ్మా, నీ మటన్ కంటే మెత్తగుంది" అన్నాడు. జనగామ నుంచి మా అమ్మ, "ఏందే బిడ్డా, పిల్లగాడు ఏం తింటున్నడో సూస్కోవా?" అని ఒకటే కేకలు. ఆ రాత్రి నేను వాణ్ణి కూర్చోబెట్టి పెద్ద క్లాసు తీసుకున్నాను. వాడు ఏడ్చాడు. తప్పు చేశానని కాదు, ఏం తప్పు చేశాడో తెలియక. ఆ ఏడుపు నాకిప్పటికీ గుర్తుంది. పక్కింటావిడకి ఎలాగో తెలిసింది. అప్పటినుంచి వాళ్ళ పెరట్లో ఏ పార్టీ అయినా మా పిల్లలకి చికెన్ విడిగా, రేకు కాగితంలో చుట్టి, దానికో పట్టకారు విడిగా పెడుతుంది. నేను అడగలేదు.

"మన తెలుగువాళ్ళు బీఫ్ తినరు" అని పిల్లలకి చెప్పడం అలవాటు చేసుకున్నాను. ఒకరోజు మా పెద్దది, "అమ్మా, మరి హైదరాబాద్ కల్యాణి బిర్యానీ అంటే ఏంటి?" అంది. అది బీఫ్ బిర్యానీయే. దొరికిపోయాను. తినే తెలుగువాళ్ళు మన చుట్టూ ఎప్పుడూ ఉన్నారు, మా ఊళ్ళోనూ ఉన్నారు. చూడనట్టు పెరిగాం, అంతే. ఇప్పుడు "మనింట్లో తినం" అని మాత్రమే అంటాను. చిన్న మాటే గానీ, ఆ మాట దగ్గరికి రావడానికి నాకు పదేళ్ళు పట్టింది.

సరే, మే నెలలో ఒక ఆదివారం బయల్దేరాం. ఆస్టిన్ దాటాక నూట ముప్ఫై నంబరు టోల్ రోడ్డు మీద గంటకి 85 మైళ్ళు పోవచ్చు. అమెరికా మొత్తంలో అంతకంటే ఎక్కువ స్పీడ్ లిమిట్ ఇంకెక్కడా లేదు. మా ఆయన ఆ ముక్క గర్వంగా చెబితే, మామయ్య గారు "అంత తొందరేం వచ్చింది రా" అన్నారు.

మేం వెళ్ళింది స్మిటీస్ మార్కెట్‌కి. కార్లు ఆపుకునే వెనక వైపు నుంచి లోపలికి అడుగు పెడితే నేల మీదే మంట. క్యూలో నిలబడ్డ వాళ్ళ పక్కనే, ఇటుకల పొయ్యి మూతి దగ్గర దుంగలు భగభగ మండుతున్నాయి. కాఫీ కప్పు మీద కూడా 'జాగ్రత్త, వేడిగా ఉంది' అని రాసే దేశంలో ఇలాంటి చోటు ఇంకా ఉందంటే నాకే నమ్మబుద్ధి కాలేదు. గోడలు, కప్పు అన్నీ మసి పట్టి నల్లగా, నూనె రాసినట్టు నిగనిగలాడుతున్నాయి. మా నాయనమ్మ వంటింటి గోడ కూడా సరిగ్గా ఇలాగే ఉండేది. ఏటా సున్నం వేసినా నెల తిరక్కుండా మసి బయటికొచ్చేది.

మూడు వారాలుగా సగం నిద్రలో ఉన్నట్టున్న మామయ్య గారు అక్కడ లేచి కూర్చున్నారు. క్యూ వదిలేసి పొయ్యి చుట్టూ తిరిగారు. మంట ఒక చివర, పొగ గొట్టం ఇంకో చివర, మధ్యలో బరువైన ఇనప మూతల కింద మాంసం. పొగ గొట్టం లాగే లాగుడుకి వేడీ పొగా మాంసం మీదుగా సాగి పోతాయి. "మన ఒంగోలు వాళ్ళు పొగాకు ఆరబెట్టే బ్యారన్ గుర్తొస్తోందమ్మా" అన్నారు నాతో. అక్కడి పనివాడు ఆయన చూపు కనిపెట్టి, పక్కన పేర్చిన కట్టెల్లోంచి ఒకటి తీసి చేతికిచ్చాడు. పోస్ట్ ఓక్ అనే చెట్టు కట్టె. ఈ చుట్టుపక్కల బార్బెక్యూ కొట్లలో ఎక్కువగా వాడేది అదే. మామయ్య గారు దాన్ని చేత్తో తూచి, వేలి కణుపుతో రెండుసార్లు కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని విని, "బాగా ఆరింది" అన్నారు తెలుగులో. వాడు తలూపాడు. ఏం అర్థమైందో ఇద్దరికీ అర్థమైంది.

తర్వాత చిన్నోడికి క్లాసు మొదలైంది. తుమ్మ కట్టె ఎలా మండుతుంది, చింత నిప్పు ఎంతసేపు నిలుస్తుంది, కోపమొచ్చినవాడి కళ్ళని చింతనిప్పులని ఎందుకంటారు. రాత్రి పొయ్యిలో నిప్పు మీద బూడిద కప్పి పడుకుంటే తెల్లారి కదిపి ఊదగానే ఎలా రాజుకుంటుంది, ఎవరింట్లోనైనా ఆరిపోతే పిడక పట్టుకుని పక్కింటికి ఎలా వెళ్ళేవారు. నివురు గప్పిన నిప్పు అని నేను వందసార్లు అని ఉంటాను, అది అసలు చూసిన మనిషి నోటి నుంచి వినడం వేరు. వాడు ప్రాజెక్టు కార్డు వెనకాల ఏదో బొమ్మ గీసుకున్నాడు.

ఇక్కడ మాంసం ప్లేటు లెక్కన అమ్మరు, పౌండ్ల లెక్కన అమ్ముతారు. మన ముందే మొద్దు మీద కోసి, తూచి, కసాయి కొట్టు కాగితంలో పెట్టి, పైన నాలుగు బ్రెడ్డు ముక్కలు పడేసి చుట్టి ఇస్తారు. మేం పోర్క్ చాప్‌లు, పోర్క్ రిబ్స్ తీసుకున్నాం. సాసేజ్ అడగలేదు, ఇక్కడి సాసేజ్‌లో ఎక్కువ భాగం బీఫే. అదే పొయ్యి, అదే కత్తి, అదే మొద్దు కదా అని నేను మామయ్య గారి ముందు నసుగుతుంటే, ఆయనే "హోటల్లో గరిటెలు ఎవరు లెక్కపెట్టారులేమ్మా" అని పక్క గదిలోకి నడిచారు. కాగితాలు విప్పుకుని తినేది అక్కడే. ఉల్లిపాయ, ఊరగాయ దోసకాయ, అవకాడో లాంటివి విడిగా కొనుక్కోవాలి.

ఈ పద్ధతికి వెనక కథ ఉంది. ఇవన్నీ మొదట్లో జర్మనీ నుంచి వచ్చి స్థిరపడ్డ కసాయి కుటుంబాల కొట్లు. ఫ్రిజ్జులు లేని రోజులు. అమ్ముడుపోని మాంసం పాడవకుండా పొగ పెట్టేవారు, తరుగు ముక్కలతో సాసేజ్ చేసేవారు. మా ఇంట్లో మిగిలిన మటన్‌కి ఉప్పు, పసుపు, కారం పట్టించి దారానికి గుచ్చి ఎండబెట్టి ఒట్టి తునకలు చేసినట్టే. పత్తి ఏరే రోజుల్లో మెక్సికన్, నల్లజాతి కూలీలు వేలల్లో ఈ ప్రాంతానికి వచ్చేవారు. వాళ్ళని హోటళ్ళలో కూర్చోనివ్వని కాలం. కసాయి కొట్లో ఆ పొగబెట్టిన మాంసం కొనుక్కుని, కాగితం మీదే పెట్టుకుని, అదే కొట్లో దొరికే బిస్కెట్లు, ఉల్లిపాయలతో తినేసేవారు. ఇప్పుడు విమానాల్లో వచ్చి మరీ తినే భోజనానికి మూలం ఆ కూలీల తిండి. పెద్దది స్కూల్లో ఆ కాలం గురించి చదువుకుంది. దానికి మన ఊళ్ళ టీ కొట్లలో రెండు గ్లాసుల పద్ధతి గురించి ఆరోజు అక్కడే చెప్పాను. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడిగింది. చెప్పాలనిపించలేదు, నిజం అదే.

మా ఆయన ఫోర్కు కోసం వెతుకుతున్నాడు. పెద్దది మాత్రం బల్లల వైపు చూస్తూ నిలబడిపోయింది. టోపీలు పెట్టుకున్న భారీ మనుషులు, చర్చి నుంచి నేరుగా వచ్చిన కుటుంబాలు, అందరూ చేత్తోనే. వేళ్ళు నాక్కుంటున్నారు కూడా. పెద్దది రెండో తరగతిలో ఉండగా లంచ్ డబ్బాలో పప్పన్నం కలిపి పెట్టాను. పక్కపిల్ల ఏదో అంది. ఆ రోజు నుంచి ఇంట్లో కూడా స్పూన్‌తోనే. పండక్కి అరిటాకు వేసినా స్పూన్‌తోనే.

"ఇక్కడ వీళ్ళు చేత్తో తింటే ట్రెడిషన్, నేను తింటే యక్" అంది.

ఏం చెప్పాలో తోచలేదు. అది కూర్చుని, రిబ్ చేత్తో తీసుకుని తిన్నది. మెప్పుగా చూస్తే మళ్ళీ మానేస్తుందేమోనని నేను అటు చూడలేదు.

మామయ్య గారు బ్రెడ్డులో ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ పెట్టుకుని నములుతుంటే చిన్నోడు తన కార్డులు తీసి చదివాడు. 1900లో చార్లెస్ క్రైట్స్ అనే ఆయన క్రైట్స్ మార్కెట్ పెట్టాడు. 1948లో ఎడ్గర్ ష్మిట్ దాన్ని కొన్నాడు. ఆయన్ని అందరూ స్మిటీ అనేవారు. 1984లో ఇద్దరు కొడుకులు, రిక్, డాన్, తండ్రి దగ్గర వ్యాపారం కొనుక్కున్నారు. 1990లో ఆయన పోయాడు. భవనం మాత్రం కూతురు నీనాకి వచ్చింది.

"ఆగాగు" అన్నారు మామయ్య గారు. "కొట్టు కొడుకులది, గోడలు కూతురివా?"

"అవును తాతయ్యా."

"ఇంకేముంది, గొడవే."

గొడవే అయింది. అద్దె దగ్గర తోబుట్టువులకి కుదరలేదు. 1999లో రిక్, క్రైట్స్ అనే కొట్టు పేరు తనతో తీసుకుని అదే ఊళ్ళో పెద్ద షెడ్డులాంటి కొత్త భవనం కట్టి వెళ్ళిపోయాడు. వెళ్ళేటప్పుడు పాత పొయ్యిలోంచి నిప్పులు ఇనప తొట్టిలో వేసుకుని, వీధి వెంట లాక్కుంటూ తీసుకెళ్ళి కొత్త పొయ్యి రాజేశాడు. నీనా ఈ పాత భవనంలోనే నాన్న ముద్దుపేరుతో స్మిటీస్ తెరిచింది. మేం తింటున్నది కూతురి వాటాలో అన్నమాట. రెండు కొట్లూ ఇప్పటికీ నడుస్తున్నాయి.

మామయ్య గారు నమలడం ఆపారు. "పొయ్యి వేరు పెట్టినా నిప్పు ఇక్కణ్ణుంచే పట్టుకెళ్ళాడు, చూశావా" అన్నారు కొడుకుతో. మూడు వారాల్లో అమెరికాలో ఆయనకి పూర్తిగా అర్థమైన మొదటి విషయం అదే అనుకుంటాను. నిప్పుల తొట్టి ఎంత ఉంటుంది, ఎంత దూరం లాగాడు, దారిలో ఆరిపోలేదా అని చిన్నోణ్ణి వరసపెట్టి అడిగారు. ఆ తోబుట్టువులు మళ్ళీ మాట్లాడుకున్నారా అని కూడా అడిగారు. అది వాడి కార్డుల్లో లేదు.

అప్పుడు పెద్దది వేళ్ళు తుడుచుకుంటూ మామూలుగానే అడిగింది. "తాతయ్యా, మీకూ చెల్లెలుంది కదా, గుంటూరు బామ్మ. మీ పొలం పంచుకున్నప్పుడు ఆవిడకి ఏం వచ్చింది?"

బల్ల కింద మా ఆయన కాలు నా కాలికి తగిలింది. ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. పంపకాల తర్వాత ఆవిడ రాకపోకలు తగ్గిపోయాయి. పెళ్ళిళ్ళకి వస్తారు, భోజనం చెయ్యకుండా వెళ్తారు.

"ఆ రోజుల్లో చట్టం వేరమ్మా" అన్నారు మామయ్య గారు. అది నిజమే. ఆడపిల్లలకి సమాన వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్‌లో తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్ళికాని వాళ్ళకే వర్తించింది. ఆవిడకి అప్పటికే పెళ్ళయి, ఇద్దరు పిల్లలు. "పెళ్ళికి కట్నం ఇచ్చాం కదా."

"కట్నం బామ్మకి ఇచ్చారా, వాళ్ళ హస్బెండ్‌కి ఇచ్చారా?"

పెద్దవాళ్ళతో అలాగేనా మాట్లాడేది అనే మాట నా నాలిక చివరిదాకా వచ్చింది. మా అమ్మయితే ఈపాటికి తొడపాశం పెట్టేది. నేను నీళ్ళు తాగాను. మామయ్య గారు కాగితం మీద రాలిన బ్రెడ్డు పొడిని వేలితో ఒక పక్కకి దగ్గరగా చేర్చారు. కోపం వచ్చినట్టు లేదు. కాసేపటికి "నువ్వు లాయరువి అవుతావే" అన్నారు. అది నవ్వింది. ఆయన నవ్వలేదు.

వచ్చేటప్పుడు చిన్నోడు ఊరి నడిమధ్య 1894 నాటి కోర్టు భవనం ముందు ఫొటో దిగాడు. కారెక్కాక ఇద్దరు పిల్లలూ పొగ వాసన కొట్టుకుంటూ నిద్రపోయారు. మా బట్టలకీ, జుట్టుకీ అదే వాసన. టోల్ రోడ్డు ఎక్కేదాకా మామయ్య గారు ఏమీ మాట్లాడలేదు.

"మన దగ్గర ఇప్పుడు టైమెంతమ్మా?" అన్నారు ఉన్నట్టుండి.

"రాత్రి ఒంటిగంట దాటింది మామయ్య గారూ."

"అయితే పడుకుని ఉంటుంది" అని, చేతిలో ఉన్న ఫోను మళ్ళీ చొక్కా జేబులో పెట్టుకున్నారు.