ఒక్క ఊపిరిలో ఎన్ని అంకెలు

ముందు కోపం కక్కేస్తాను, లేకుంటే మిగతాది రాయలేను. నీళ్ల విరేచనాలు తగ్గిన వారానికి నా అరికాళ్లలో చీమలు పాకినట్టు మొదలైంది. వీధి చివర క్లినిక్‌కి పోతే, "వారం వారం సైకిల్ మీద భాకరాపేట ఘాట్ తొక్కితే నరాలు పట్టెయ్యవా సార్" అని నవ్వి, బీ కాంప్లెక్స్ సూదేసి పంపినాడు. రెండు రోజులు అట్లే పోయినాయి. మూడో రోజు పొద్దున బాత్రూంలో కూలబడి లేవలేకపోయినాను.

పెద్దాసుపత్రిలో పేరు చెప్పినారు: గిలియన్ బారే సిండ్రోమ్. మనల్ని కాయాల్సిన రక్షణ వ్యవస్థే మన నరాల మీద పడుతుంది. కాళ్లలో మొదలై పైకెక్కుతుంది. వెన్నునీరు తీసినారు, ఆ దాడిని అణిచే ఇమ్యునోగ్లోబులిన్ మందు ఐదు రోజులు ఎక్కించినారు, మా ఆవిడ గాజులు కుదవకు పోయినాయి.

రెండో రాత్రి మాత్రం నన్నింకా వదల్లేదు. గంటకోసారి నర్సమ్మ వచ్చి, "గట్టిగా ఊపిరి పీల్చి, మధ్యలో ఆపకుండా ఒకటీ రెండూ చెప్పన్నా" అనేది. ఊపిరి కండరాలు ఎంత సడలినాయో ఆ లెక్కతో పసిగడతారు. సాయంత్రం 31. పదికి 24. పన్నెండుకు 19. ఒంటిగంటకు డ్యూటీ డాక్టరు నా కాళ్ల దగ్గరే నిలబడి ఫోన్లో, "వెంటిలేటర్ ఒకటి చూసిపెట్టు, ఈ పేషెంటు తెల్లారేదాకా లాగడు" అన్నాడు. కాళ్లు పడిపోయినాయి గానీ చెవులు పడిపోలేదు కదా నాయనా! ఆ రాత్రి ఆయన ఒక్క క్షణం వార్డు వదల్లేదని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. నిజమే. అయినా ఆ మాట మింగుడుపడదు.

రెండుకు 17. మూడుకు మళ్లీ 17. నాలుగుకు 18. నర్సమ్మ చీటీ మీద రాసుకుని, ఏమీ అనకుండా నా దుప్పటి సర్దింది. ఆ తల్లి చల్లగుండాల.

అమ్మ తాతయ్యగుంట గంగమ్మకు పొంగళ్లు మొక్కుకుంది. అంతటితో ఆగిందా? నేను అలిపిరి నుంచి నడిచెక్కి తలనీలాలిస్తానని స్వామికీ మాటిచ్చేసింది. మంచం దిగలేనోడి పేరు మీద 3,550 మెట్లు!

అక్క కొడుకు ఇంకో మందు తెచ్చినాడు. "మామా, గ్రెగ్ లెమాండ్‌ని తలుచుకో." తెలియందేముంది? 1986లో టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ పందెం గెలిచిన తొలి అమెరికన్. 1987 ఏప్రిల్లో వేటకు పోతే బావ చేతి తుపాకీ పొరపాటున పేలింది. 30కి పైగా గుళ్లు ఒంట్లోనే ఉండిపోయినాయి, గుండె పొరలో కూడా. రెండేళ్లు టూర్‌కే రాలేదు. 1989 టూర్ ఆఖరి రోజు, వెర్సాయ్ నుంచి పారిస్‌కి 24.5 కిలోమీటర్లు. మొత్తం లెక్కలో 50 సెకన్లు వెనకబడి బయల్దేరి, ముందున్న లారెంట్ ఫిన్యోన్‌ని చివరికి 8 సెకన్లతో ఓడించినాడు. వింటుంటే ఒళ్లు మండింది. ముక్కు మీది ఈగను తోలుకోలేనోడికి ఛాంపియన్ల కథలెందుకురా?

వాడు వదిలేసిన ముక్కే నాకు పనికొచ్చింది. ఆ టూర్‌కి మూడు వారాల ముందు ఇటలీ సైకిల్ పందెం గిరో డి ఇటాలియాలో అదే లెమాండ్ కొండలెక్కలేక, మానేద్దామా అన్నంత దాకా పోయినాడు. చివరికి 39వ వాడు. గెలిచింది ఆ ఫిన్యోనే. ఫిజియోథెరపీ గదిలో రెండు కమ్మీల మధ్య నాలుగడుగులేసి చెమటలు కారుతూ కూచున్నప్పుడు, నాకు గుర్తొచ్చింది 8 కాదు, 39.

ఒకటి మాత్రం చెప్తాను, వినండి. జ్వరమో విరేచనాలో తగ్గినాక కాళ్లు తిమ్మిరెక్కి, మెట్లెక్కడం కష్టమైతే బలం సూదులతో సరిపెట్టుకోవద్దు. ఆరోజే న్యూరాలజీకి పోండి.

తొమ్మిదో నెలలో మొక్కు తీర్చినాను. ఎడమ పాదం ఇంకా సరిగా లేవదు. బొటనవేలు మెట్టు మెట్టుకూ తగిలి తోలు లేచిపోయింది. మోకాళ్ల మిట్ట దగ్గర కూలబడితే మా ఆవిడ ఎదురుగా నిలబడి, "ఏదీ, లెక్కపెట్టు" అనింది.

36 దాకా పోయినాను.

"చాల్లే, లెయ్" అని చెయ్యందించింది.